లదాఖ్ కంటే ముందు నడిగడ్డ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కార్తె ఆఖరి రోజుల్లో, బడులు తెరవడానికి ఇంకా కొంత గడువు ఉండగా, నేనూ మా తమ్ముడూ చెరొక బండి మీద నల్లగొండ నుంచి బయలుదేరాం. దేవరకొండ, డిండి, మన్ననూరు, కొల్లాపూర్, సోమశిల, బీచుపల్లి, గద్వాల, అలంపురం. వీలున్నచోటల్లా పెద్ద రోడ్డు వదిలేసి ఊళ్ల మధ్య దారులు పట్టుకోవాలని ముందే అనుకున్నాం. "ఈ ఎండలో మిమ్మల్ని ఎవరు తరుముతున్నారే?" అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

తరిమింది లదాఖ్. జులైలో మనాలి నుంచి లేహ్‌కు బండి మీద వెళ్లాలని మా తమ్ముడికి ఎప్పటి నుంచో కోరిక. ఒక రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతే చెబుతూ, అటల్ సొరంగం వచ్చాక ఆ దారిలో పస పోయిందని నిట్టూర్చాడు. తొమ్మిది కిలోమీటర్ల ఆ సొరంగాన్ని 2020 అక్టోబరులో తెరిచారు. అంతకుముందు 3,978 మీటర్ల ఎత్తున్న రోహతాంగ్ కనుమ ఎక్కి, బురదలో, మంచు కరిగిన నీళ్లలో పడుతూ లేస్తూ గానీ అవతలికి దిగే వీలు ఉండేది కాదు. "ఆ కష్టమే లేకపోయాక సాహసయాత్ర ఏముంది అక్కా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చలికాలం వస్తే నెలల తరబడి దారి మూసుకుపోయే లాహౌల్ లోయలో నెలలు నిండిన ఆడమనిషిని అడిగి చూడు, పస పోయిందో లేదో ఆమె చెబుతుంది అన్నాను.

అయితే వాడి మాటలో బొత్తిగా నిజం లేదని నేను అనను. ఏ ఇబ్బందీ లేకుండా సాఫీగా సాగిన ప్రయాణాలు నాకూ గుర్తులేవు. చైన్ తెగిన ఊరు పేరు గుర్తుంటుంది, వానకు తలదాచుకున్న పశువుల కొట్టం గుర్తుంటుంది. నాకు నచ్చనిది ఆ తర్వాత మెట్టు. కష్టం వల్ల ప్రయాణానికి రుచి వస్తుంది కాబట్టి కష్టాన్ని కొనితెచ్చుకోవాలనుకోవడం, నీళ్లు తాగకుండా ఎంత దూరం వెళ్లామో, నిద్ర లేకుండా ఎన్ని గంటలు నడిపామో గొప్పగా చెప్పుకోవడం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఏడాది పొడవునా గుంతల రోడ్డు మీద స్ప్లెండర్ నడుపుకుంటూ బడికి వెళ్లి వస్తాను. దాన్ని సాహసమని ఇంతవరకు ఎవరూ అనలేదు.

మాటా మాటా పెరిగి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. లదాఖ్ కంటే ముందు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో, అదీ రోహిణి ఎండల్లో, వాడు నాతో తిరగాలి. తిరిగి వచ్చాక కష్టం గురించి మళ్లీ మాట్లాడుకుంటాం.

వాడి బండి హిమాలయన్ 411. సామాను లేకుండానే 200 కిలోలకు ఒక కిలో తక్కువ. ముందు చక్రం 21 అంగుళాలు. నా స్ప్లెండర్ బరువు అందులో సగం కంటే కాస్త ఎక్కువ. ఇంజను 97.2 సీసీ. బయలుదేరే ముందు వాకిట్లో సాధన చేశాం. వాడికి టైరు విప్పి ట్యూబు బయటికి తీయడం రాదు. ఎప్పుడు పంక్చర్ అయినా దుకాణానికి నెట్టుకెళ్లడమే అలవాటు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వాడు టైర్ లీవర్లతో కుస్తీ పట్టడం చూశాను. మొదటిసారి లీవరు కింద ట్యూబు నలిగి కొత్త చిల్లు పడింది. వాడి ఇనుప పెట్టెల్లో ఏమేం ఉన్నాయో కూడా తీయించి చూశాను. ఒక మడత కుర్చీ ఉంది! నీళ్ల సీసా మాత్రం ఒక్కటే. కుర్చీ తీసి నీళ్ల క్యాను పెట్టించాను. అమ్మ ఇద్దరి జేబుల్లోనూ చెరొక ఉల్లిగడ్డ వేసింది, వడదెబ్బ తగలకుండా. ఉల్లిగడ్డకు అంత శక్తి లేదని పిల్లలకు చెప్పే నేనే దాన్ని తీసి అవతల పెట్టే ధైర్యం చేయలేదు. మధ్యాహ్నం పెరుగన్నంలో నంజుకున్నాం.

తెల్లవారకముందే ఊరు దాటాం. కొండమల్లేపల్లి వైపు బత్తాయి తోటలు దాటేదాకా గాలి హాయిగానే ఉంది. పది దాటాక అసలు కథ మొదలైంది. ఎండలో బండి మీద వెళ్తే గాలి తగులుతుంది కదా, నడిచేవాడికంటే నయమే కదా అని చాలామంది అనుకుంటారు. మన చర్మం 33 నుంచి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపు ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. గాలి 43 డిగ్రీలకు చేరిందంటే అదే గాలి మనకు వేడిని ఎక్కిస్తుంది, వేగం పెంచిన కొద్దీ ఎక్కువగా ఎక్కిస్తుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. కాబట్టి చొక్కా గుండీలు విప్పేసి గాలికి ఛాతీ చూపించడం తెలివితక్కువ పని. నిండు చేతుల నూలు చొక్కా వేసుకుని, దాన్ని తడుపుకుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకోవాలి. మా తమ్ముడికి ఈ పాఠం పదో తరగతిలో నేనే చెప్పాను. వాడు మెష్ జాకెట్ మీద నమ్మకంతో తడి తువ్వాలు వద్దన్నాడు.

చెమట పట్టాలంటే నీళ్లు తాగాలి. ఇక్కడే ఆడవాళ్లకు ఇంకొక చిక్కుంది. సాహసయాత్రల గురించి మగవాళ్లు రాసేవాటిలో అది కనిపించదు. దారిలో మరుగుదొడ్డి దొరకదని మనం నీళ్లు తాగడం మానేస్తాం. బస్సు ప్రయాణమైనా, పెళ్లి ప్రయాణమైనా చిన్నప్పటి నుంచి మనకు నేర్పిన ఉపాయం అదే. పొద్దున ఒక గుక్క, మళ్లీ ఇల్లు చేరాకే. మామూలు రోజుల్లో తలనొప్పితో పోతుంది. రోహిణి కార్తెలో, హెల్మెట్ పెట్టుకుని, ఇంజను వేడి మోకాళ్లకు కొడుతుంటే అది ప్రాణం మీదికి వస్తుంది. దారిలో ఒక పెట్రోల్ బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి అడిగితే, ఉన్నవాడు భోజనానికి వెళ్లాడన్నారు. నేను కదలలేదు. పెట్రోలు పోయించుకోవడానికి వచ్చిన బండ్లకు అడ్డంగా స్ప్లెండర్ స్టాండ్ వేసి నిలబడ్డాను. తాళంచెవి గల్లాపెట్టెలోనే దొరికింది. ఆ తర్వాత బంకుల మీద ఆశ పెట్టుకోలేదు. ఊళ్లోకి వెళ్లి, అరుగు మీద ఆడవాళ్లు కూర్చున్న ఇల్లు చూసుకుని అడిగాను. కాదన్నవాళ్లు లేరు. పైగా కాసేపు కూర్చోమని, చల్ల తాగి వెళ్లమని బలవంతం చేశారు. ఇలా గంటకొకసారి ఆగడం మా తమ్ముడికి నామోషీగా ఉండేది. మూత్రం రంగు చూసుకున్నావా, చిక్కటి పసుపుగా ఉంటే నీళ్లు చాలనట్టు అని నేను అడిగితే ఇంకా నామోషీ.

దేవరకొండ చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. రేచర్ల పద్మనాయకుల కోట అది. కొండల వరుస మీద గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కింది నుంచి తెలియదు. వాడు ఇప్పుడే ఎక్కుదామన్నాడు. సాయంత్రం చూద్దామన్నాను. "ఈ మాత్రం ఎండకే భయపడితే ఎలా అక్కా" అంటూ బండి దిగాడు. హెల్మెట్ తీయడానికి గడ్డం కింద బకిల్ దగ్గర చేయి పెట్టి, కొంతసేపు అలాగే నిలబడిపోయాడు. వేళ్లు బకిల్ మీదే ఉన్నాయి గానీ, దాన్ని ఎటు నొక్కాలో తట్టడం లేదు. అంతలో ఒక చిన్న పిల్లవాడు బండి అద్దంలో మొహం చూసుకోబోతే వాడి మీద కేకలేశాడు. మా తమ్ముడు పసిపిల్లల మీద గొంతెత్తే మనిషి కాదు. బడి పిల్లల్లో వడదెబ్బ ముందు ఎలా బయటపడుతుందో చూసిన అనుభవం ఉంది కాబట్టి, ఇక కోట మాట ఎత్తనివ్వలేదు. చెయ్యి పట్టుకుని వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, జాకెట్ విప్పించి, తువ్వాలు తడిపి మెడ మీద, చంకల్లో పెట్టించాను. ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించాను. పొద్దు వాలేదాకా అక్కడే. చెమట ఆగిపోయి మాట తడబడి ఉంటే ఆసుపత్రికే పరుగెత్తేదాన్ని. అక్కడి దాకా రాలేదు.

అక్కడ కూర్చుని ఆలోచిస్తుంటే, మేము వాదించుకున్న కష్టం నిజానికి రెండు రకాలని అనిపించింది. కొన్ని కష్టాలు మన తొందరను తీసేస్తాయి. చక్రం గాలి దిగినా, దారి తెగినా, వాన ముంచెత్తినా మనం అనుకున్న వేళకు అనుకున్న చోటికి చేరం, అంతే. తల సవ్యంగానే ఉంటుంది. ఇంకొన్ని మన బుద్ధిని తీసేస్తాయి. ఎండ, దాహం, ఆకలి, నిద్రలేమి అలాంటివి. వాటితో వచ్చిన చిక్కేమిటంటే, బుద్ధి పోయిన సంగతి పోగొట్టుకున్నవాడికి తెలియదు. మా తమ్ముడు ఆ క్షణంలో తనెంతో ధీరుడిననుకుంటున్నాడు. ఈ మాట వాడితో అంటే, "ఇదంతా నీ బడి పాఠంలా ఉంది" అన్నాడు. అనగలిగాడంటే కోలుకున్నట్టే.

సాయంత్రం డిండి వైపు సాగాం. దారిలో తాటిచెట్ల కింద ముంజలు కొట్టి అమ్ముతున్నారు. ముంజలు తింటూ తమ్ముడు తువ్వాలు తడుపుకుని మెడకు చుట్టుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

మన్ననూరు చేరేసరికి చీకటి పడుతోంది. శ్రీశైలం రోడ్డు మీద అటవీశాఖ గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తెరుస్తారు. గేటు మూయకముందే లోపలికి వెళ్లిపోతే దోమలపెంట దాటేయవచ్చని వాడి లెక్క. నియమం ప్రకారం తప్పు లేదు. నాకైతే మనసొప్పలేదు. పొద్దంతా ఎండలో నానిన కళ్లు, స్ప్లెండర్ లాంతరు వెలుతురు, రోడ్డు దాటే జంతువులు. మన్ననూరులో నాతో శిక్షణ తీసుకున్న టీచరమ్మ ఇల్లు ఉంది. ఉపాధ్యాయులకు తెలంగాణలో ఏ మండలానికి వెళ్లినా పడుకోవడానికి చాప దొరుకుతుంది, మాకున్న నిజమైన అలవెన్సు అదొక్కటే. అక్కడే ఆగాం. పొద్దున గేటు తెరవగానే లోపలికి వెళ్లాం.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. ఆ పొద్దున వటువర్లపల్లి మీదుగా దోమలపెంట దాకా వెళ్లి వచ్చినంతసేపు ఒక్క ఇబ్బంది లేదు. మంచి రోడ్డు, చల్లటి గాలి, నల్లమల ఎండాకాలపు వాసన. పులి కనిపించలేదు, కనిపించాలనీ కోరుకోలేదు. కొండముచ్చులు మాత్రం మా ఇద్దరినీ పరీక్షాధికారుల్లా చూశాయి. ఏమీ జరగని ప్రయాణం గుర్తుండదని పైన అన్నాను. ఆ పొద్దుటి ప్రయాణం ఆ మాటకు లొంగలేదు. తమ్ముడు కూడా నోరు మెదపలేదు.

అచ్చంపేట, లింగాల మీదుగా కొల్లాపూర్ వైపు మొరం దారి పట్టాక హిమాలయన్ వెనుక చక్రం ఊగడం మొదలైంది. సర్కారు తుమ్మ ముల్లు. ఆ దారికి రెండు పక్కలా అవే చెట్లు. చెట్టు నీడన గొర్రెల మందను నిలిపి కర్ర మీద గడ్డం ఆనించుకున్న కాపరి మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఎక్కడికి బిడ్డా?"

"సోమశిలకు."

"బస్సు ఉంది కదా."

దానికి మా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు పనిలోకి దిగాడు. పెట్టెలు దించి, చక్రం విప్పి, టైరు పెదవిని లీవర్లతో పైకి లేపి ట్యూబు లాగాడు. పంపుతో గాలి కొట్టి, ట్యూబును చెంపకు దగ్గరగా పెట్టుకుని తిప్పుతూ చిల్లు ఎక్కడుందో పట్టుకున్నాడు. అక్కడ గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ పూశాడు. దాని మీద అతుకు వెంటనే పెట్టకూడదు. వేలితో తాకితే అంటుకోనంతగా ఆరాలి. వాడికి ఆగే ఓపిక లేదు, పెట్టేశాడు. గాలి కొట్టగానే అతుకు అంచు లేచింది. ఏమీ అనకుండా కాపరి వైపు చూశాను. ఆయనా ఏమీ అనకుండా చుట్ట వెలిగించాడు. రెండోసారి రుద్ది, పూసి, కాపరి చుట్ట సగం కాలేదాకా ఆగాడు. ఈసారి అతుకు పట్టింది.

ట్యూబు లోపలికి తోసేయబోతుంటే ఆపాను. ముల్లు ఇంకా టైరులోనే ఉండవచ్చు. వేలు పెట్టి వెతికితే వేలే తెగుతుంది. పాత నూలు గుడ్డ ముక్క తీసుకుని టైరు లోపలి వైపు చుట్టూ తుడుచుకుంటూ వస్తే, ముల్లు ఉన్నచోట దారపు పోగు పట్టుకుంటుంది. ఒకచోట పట్టుకుంది. పైకి ఏమీ కనిపించలేదు. టైరును వెనక్కి వంచితే లోపలి నుంచి గోధుమరంగు మొన బియ్యపు గింజ మందాన బయటికి వచ్చింది. కటింగ్ ప్లయర్‌తో లాగాడు. ఇంకాస్త జరిగితే గుడ్డ మళ్లీ పట్టుకుంది. రెండో ముల్లు. ట్యూబుకు ఇంకా తగల్లేదు, తగలడానికి సిద్ధంగా ఉంది. ఆ రెండు ముళ్లను వాడు కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నాడు. ఈలోగా కాపరి గొర్రెల్లో కాళ్లనొప్పుల జబ్బు గురించి, మందుల ధర గురించి చెప్పాడు. చక్రం బిగించే వేళకు పొద్దు బాగా వాలింది. కొల్లాపూర్‌లో మధ్యాహ్న భోజనం చేయాలన్న పథకం గాలికి పోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

సోమశిలలో కృష్ణ బాగా తగ్గి ఉంది. ఎండాకాలంలో శ్రీశైలం జలాశయం కిందికి దిగితే, మిగతా నెలలన్నీ నీళ్లలో ఉండే సంగమేశ్వరం గుడి అవతలి వైపు బయటపడుతుంది. దాన్ని చూడటానికి జనం పడవల్లో వెళ్తారు. బండ్లు కూడా పడవెక్కించి ఆ ఒడ్డుకు తీసుకెళ్తారని తెలిసి తమ్ముడి కళ్లు మెరిశాయి. రెండు వందల కిలోల బండి, ఇరుకు పడవ, అడిగినా చూపించని లైఫ్ జాకెట్లు. "వద్దు" అన్నాను. ఎందుకని అడిగాడు. ఇందాకటి ముల్లు గుచ్చుకుంటే నువ్వు చేయగలిగిన పని ఉంది, ఈ పడవ ఒరిగితే నీ చేతిలో ఏముంది అని అడిగాను. కాసేపు అలిగి కూర్చున్నాడు గానీ, బండి పడవెక్కలేదు. మరుసటి రోజు పొద్దున్నే సోమశిల గుళ్లు చూసుకుని పెబ్బేరు దారి పట్టాం.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే నడిగడ్డ. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, నడుమ గద్వాల, అయిజ, మానవపాడు, అలంపురం. గద్వాలలో ఉన్న రాత్రి ఉరుములు మొదలయ్యాయి. తెల్లవారితే మృగశిర. అయిజ చేరేసరికి చేపల దగ్గర జనం విరగబడి ఉన్నారు. మృగశిర నాడు చేపలు తినడం మన దగ్గర ఆనవాయితీ, ఎంత ధరైనా కొంటారు. మేమూ తిన్నాం. వాన వెలిసింది, మబ్బు పట్టి చల్లగా ఉంది, కడుపు నిండింది. ఈ హుషారులో ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువల వెంబడి పొలాల దారిలో మానవపాడు వైపు దిగాం. నల్లగొండ పక్క మాకు తెలిసింది ఎర్ర చెలక. వాన పడినా నీళ్లు ఇంకిపోతాయి, చక్రం జారుతుందేమోగానీ ఆగదు. నడిగడ్డలో ఉన్నది నల్లరేగడి.

మొదటి నూరు గజాలు బాగానే వెళ్లాం. తర్వాత నా ముందు చక్రం తిరగడం ఆగిపోయింది. వెనుక చక్రం తోస్తూనే ఉంది, ముందుది ఈడ్చుకుపోతోంది. దిగి చూస్తే మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య ఉన్న రెండు వేళ్ల సందు రేగడితో నిండిపోయి, పోయిన ఏటి పత్తి కట్టె ముక్కలు, గడ్డి పోచలు అందులో కలిసిపోయి, గోడ కట్టినట్టు బిగుసుకుంది. కట్టె పుల్లతో పొడిచి తీస్తే పది అడుగులు కదులుతుంది, మళ్లీ నిండుతుంది. చెప్పుల కింద రేగడి పేరుకుని ఎత్తు పెరిగాను. వెనుక నుంచి కాలిన వాసన వచ్చింది. తమ్ముడు వేగం పెంచి బయటపడాలని చూస్తుంటే క్లచ్ ప్లేట్లు మాడుతున్నాయి. ఇంజను ఆపమని అరిచాను. ఆపాడు. ఆపగానే బండి నెమ్మదిగా పక్కకు ఒరిగి పడుకుంది. ఇద్దరం కలిసి ఎత్తబోతే కాళ్లు జారాయి.

కాలువ గట్టు మీద వేపచెట్టు కింద ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చుని ఉన్నారు. పక్కన పత్తి విత్తనాల సంచి. మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నారు. ఆయన దిగి వచ్చి, ముందు బండి వైపు, తర్వాత మా వైపు చూసి, "వాన వెలిసిన వెంటనే మేము ఎడ్లనే దించం. బండిని దించారా?" అన్నాడు. నలుగురం కలిసి, పెట్టెలు విప్పదీశాక గానీ హిమాలయన్ లేవలేదు. గట్టు మీదికి చేర్చాం. "ఇక కూర్చోండి" అన్నాడాయన. ఎంతసేపు అని తమ్ముడు అడిగితే, "పదును వచ్చేదాకా" అన్నాడు.

పదును వచ్చిందో లేదో చూడటానికి ఆయనకు గడియారం అక్కర్లేదు. మధ్యమధ్య లేచి వెళ్లి, గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో పిసికి, చెయ్యి తెరిచి చూసేవాడు. ముద్ద అరచేతికి అంటుకుని సాగుతుంటే తల అడ్డంగా ఊపి వచ్చి కూర్చునేవాడు. ముద్ద వేళ్లకు అంటకుండా విడిపోయి, పడేస్తే పలుకులుగా పగలాలి. అప్పుడే విత్తనమైనా, నాగలైనా. తడి రేగడిని తొక్కితే గట్టిపడి ఆ ఏడంతా పెళ్లలు లేస్తుందట. ఆయన కుర్రతనంలో పాలమూరు కూలీలతో కలిసి ముంబయి వెళ్లి చాలా ఏళ్లు మట్టి మోసి వచ్చాడు. మేము ఈ ఎండల్లో, వానల్లో ఎందుకు తిరుగుతున్నామో అమ్మగారు అడిగింది. చూడటానికి అని చెప్పాను. "ఏమి చూశారు?" అని అడిగితే సంగమేశ్వరం, నల్లమల, దేవరకొండ అని వరుసగా చెప్పాను. ఈ నడుమ మేము పడిన పాట్ల గురించి చెప్పబోయి మానుకున్నాను. ఆమె జొన్నరొట్టెలూ పచ్చిమిరపకాయ తొక్కూ పెట్టింది. తమ్ముడు మడ్‌గార్డ్ బోల్టులు విప్పి నా బండి ముందు చక్రాన్ని ఖాళీ చేశాడు.

వాడికి సి.ఎస్. సంతోష్ అంటే ప్రాణం. ఎడారుల్లో సాగే బండ్ల పందెం డకార్ ర్యాలీని పూర్తి చేసిన మొదటి భారతీయుడు, 2015లో. గట్టు మీద కూర్చుని ఆ సంగతులన్నీ పెద్దాయనకు చెప్పాడు. ఇసుక ఎడారి, రోజుకు వందల కిలోమీటర్లు. 2021లో సౌదీలో సంతోష్ పడిపోతే హెలికాప్టర్‌లో రియాద్ ఆసుపత్రికి తీసుకెళ్లిన సంగతి కూడా చెప్పాడు. పెద్దాయన శ్రద్ధగా విని, "అంటే వాళ్ల వెనుక హెలికాప్టర్ ఉంటుందన్నమాట" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను తొక్కు చాలా బాగుందని అమ్మగారితో అంటున్నాను.

మధ్యాహ్నం దాటాక ఎండ కాసింది, గాలి తిరిగింది. పెద్దాయన ఈసారి మట్టి పిసికి చూసి, ముద్దను కింద పడేసి, తల ఊపాడు. ఆయన విత్తనాల సంచి భుజానికి ఎత్తుకున్నాడు, మేము బండ్లు కదిలించాం. పొద్దునంతా మింగేసిన దారి అది. పైన పలచటి పెచ్చు కట్టి, చక్రాల కింద మెత్తగా నలుగుతూ దారి ఇచ్చింది. ముందు నా స్ప్లెండర్, ఆ గాడిలోనే వెనుక హిమాలయన్. మడ్‌గార్డ్ లేదు కాబట్టి మొహమంతా రేగడి చుక్కలు. దేవరకొండలో బకిల్ విప్పలేక నిలబడ్డ మనిషి, ఆ రోజు గంటల తరబడి గట్టు మీద కూర్చుని ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రెండూ కష్టాలే. మొదటి దాంట్లోకి వాడిని మళ్లీ వెళ్లనివ్వను. రెండో దాంట్లోకి పంపడానికి నాకు అభ్యంతరం లేదు.

అలంపురంలో నవబ్రహ్మల గుళ్లు, శ్రీశైలం ముంపు నుంచి తప్పించడానికి కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి కట్టిన సంగమేశ్వరాలయం చూశాం. వాటి గురించి రాయాలంటే వేరే రాయాలి. తిరుగు ప్రయాణం జాతీయ రహదారి మీద జడ్చర్ల దాకా, అక్కడి నుంచి కల్వకుర్తి మీదుగా. చెప్పుకోవడానికి ఏమీ లేదు, నడుము నొప్పి తప్ప.

జులైలో వాడు బండిని వీలైనంత దూరం రైల్లో పంపించి మనాలికి బయలుదేరాడు. ఇనుప పెట్టెలు రెండింట్లో ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది. పంక్చర్ సామాను, పాత నూలు గుడ్డ, నీళ్ల క్యాను వెళ్లాయి. సొరంగం ఒక కష్టాన్ని తీసేసి ఇంకొకటి తెచ్చిపెట్టిందని వెళ్లే ముందు వాడే చెప్పాడు. రెండు వేల మీటర్ల మీదున్న మనాలి నుంచి మూడు వేల మీటర్ల కేలాంగ్‌కు ఇప్పుడు రెండు మూడు గంటల్లో చేరిపోతారు. అదే ఊపులో ఇంకా పైకి పోతే ఒంటికి అలవాటు పడే సమయం దొరకదు. ఎత్తు కూడా ఎండలాంటిదే, తలనొప్పితో మొదలుపెట్టి తెలివిని తినేస్తుంది.

కేలాంగ్ నుంచి ఫోన్ చేశాడు. తల కొంచెం పట్టేసినట్టుందని, తోటివాళ్లు బారాలాచా కనుమ వైపు వెళ్లిపోయారని, తను మాత్రం ఆ రోజూ, అవసరమైతే మర్నాడూ అక్కడే ఉంటానని చెప్పాడు. వాళ్లు నవ్వారట.

"నీళ్లు తాగుతున్నావా?"

"తాగుతున్నాను."

"మరి రంగు..."

"అక్కా, పక్కన జనం ఉన్నారు" అని ఫోన్ పెట్టేశాడు.